పేరు చెప్పని ప్రార్థన అంశం

పోయిన నెలలో ఒక సాయంత్రం కీర్తన మా ఇంటికి వచ్చి నా చేతిలో ఒక కరపత్రం పెట్టి వెళ్లింది. అప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. కీర్తన మంచి పిల్ల. ఇరవై నాలుగేళ్లుంటాయి, ఇక్కడే నందిగామలో బ్యాంకులో పనిచేస్తుంది, ఈమధ్యే నిశ్చితార్థమైంది, మా సంఘంలో యువజనుల పనులన్నీ తనే చూస్తుంది. "వందనాలు ఆంటీ" అంటూ వచ్చి, కాఫీ తాగి, ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో యువతకు సదస్సు పెట్టామనీ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని గనక ముగింపు ప్రార్థన నేనే చెయ్యాలనీ అడిగింది. సరేనన్నాను. కళ్లజోడు పెట్టుకుని కరపత్రం చూస్తే 'శోధనను జయించుట' అని పెద్ద అక్షరాలు, కింద కోటు వేసుకున్న ఒక పెద్దాయన ఫొటో. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి, అయినా గుర్తుపట్టాను. ప్రభాకర్.

"ఈ అంకుల్ సాక్ష్యం మీరు తప్పకుండా వినాలాంటీ," అంది కీర్తన. "వయసులో ఉన్నప్పుడు ఎవరో పెళ్లయిన ఆవిడ ఆయన్ని నందిగామలో ఒక గదికి రమ్మందంట. ఈయన బస్టాండు దాకా వచ్చి, బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకుని, మూడు బస్సులు వదిలేసి నాలుగో బస్సెక్కి వెనక్కెళ్లిపోయాడంట. మొన్న కంచికచర్లలో చెప్తే అందరూ ఏడ్చేశారు."

నేను ఏడవలేదు. ఆ బెంచీ మీద కూర్చున్నది నేను. ఆ మూడు బస్సులూ వదిలేసింది నేను. ఆ పెళ్లయిన ఆవిణ్ని కూడా నేనే. ఆ మధ్యాహ్నం ప్రభాకర్ బస్టాండు ఛాయల్లో లేడు. వెనక వీధిలో మేడ మీద గదిలో నా కోసం కాచుకుని కూర్చున్నాడు. బడిలో పలకలు, పెన్సిళ్లు, మధ్యాహ్న భోజనం బియ్యం, అన్నీ దొంగిలించినవాళ్లను చూశాను గానీ, ఇంకొకరి సాక్ష్యం దొంగిలించి దాంతో ఊళ్లు తిరిగే మనిషిని చూడటం ఇదే మొదలు.

అప్పుడు మేము జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు చిన్న వసారా. మా అత్త సంతోషమ్మ మిరపకాయల మిల్లులో తొడిమలు తీసే పనికి పోయేది. చీకటి పడే వేళకు వచ్చేది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టకముందే ఆ ఘాటు లోపలికి వచ్చేసేది, నేను తుమ్ముతూ ఎదురెళ్లేదాన్ని. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని పావుగంట కూర్చుంటే గానీ మంట తగ్గేది కాదు. తగ్గడమే గానీ పూర్తిగా పోవడం ఎన్నడూ లేదు. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు గనక ఏడుపొచ్చినా మోచేత్తోనే తుడుచుకునేది. తెల్లవారుజామున లేచి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని ప్రార్థన చేసేది. మందిరంలో పాస్టరు అయ్యగారు వాడే పెద్దపెద్ద మాటలు ఆమెకు రావు. గోడకు అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. "తండ్రీ, ఆ గుమస్తా నిన్న మళ్లీ వెకిలి మాటలన్నాడు. వాడి కళ్లల్లో ఇంత కారం కొట్టాలనుంది నాకు. ఇయ్యాళ కొడతా కూడా. ముందే చెప్తున్నా. నీకిష్టం లేకపోతే నా చెయ్యి నువ్వే పట్టుకో." దుప్పటి కింద నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

మా ఆయన రత్నం బోర్లు వేసే లారీ మీద పనిచేసేవాడు. బండి ఎక్కాడంటే ఉత్తరాదిలో ఎక్కడెక్కడో నేల తొలుచుకుంటూ తిరిగి, నాలుగైదు నెలలకు గానీ ఇంటి ముఖం చూసేవాడు కాదు. వచ్చినప్పుడు పది రోజులుండేవాడు, అందులో మూడు రోజులు నిద్రకే సరిపోయేవి. మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు, తల్లిని ఒక్క మాట అననివ్వడు. ఇవన్నీ నిజమే. కానీ మంచివాడు ఇంట్లో లేకపోతే ఆ మంచితనం పక్క మీద తోడు పడుకోదు కదా. నాకు ఇరవై ఆరేళ్లు. పిల్లలు ఇంకా లేరు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, ఇప్పుడు రాస్తుంటే సిగ్గు కన్నా కోపమే ఎక్కువ వస్తోంది.

కోపం ఎందుకంటే, మా మందిరంలో శోధన గురించి నెలకొకసారైనా ప్రసంగం ఉండేది. చాప మీద కుడి వైపు మగవాళ్లు, ఎడమ వైపు ఆడవాళ్లం. శోధన సంగతి వచ్చేసరికి అయ్యగారు కుడి వైపుకు తిరిగి మాట్లాడేవారు. "యవ్వనస్థులారా, మీ చూపు కాపాడుకోండి" అనేవారు. మా వైపుకు తిరిగినప్పుడు మాత్రం "సహోదరీలారా, ముసుగు సరిగ్గా వేసుకోండి" అనేవారు. అంటే ఆకలి వాళ్లది, విస్తరాకులం మేము. విస్తరాకుకు ఆకలేస్తుందని ఆ మందిరంలో ఎవరికీ తట్టలేదు. నాకు లోపల ఏం జరుగుతోందో దానికి వాక్యంలో ఒక మాట ఉందేమో చెప్పేవాళ్లు లేరు. బహుశా నేనొక్కదాన్నే ఇలా చెడిపోయి పుట్టానేమో అనుకునేదాన్ని.

ప్రభాకర్ వత్సవాయిలో మండలాఫీసులో గుమస్తా. ఆదివారం మందిరంలో కీబోర్డు వాయించేవాడు. నేను వత్సవాయి అవతల ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఇద్దరిదీ ఒకటే బస్సు. మొదట్లో వందనాలు చెప్పుకోవడం, తర్వాత కిటికీ పక్క సీటు నాకు ఆపి ఉంచడం, తర్వాత చేతిసంచి తీసుకోవడం. నేను చెప్పేది వినేవాడు. పిల్లవాడెవడో రెండో ఎక్కం ఎలా తప్పు చెప్పాడో లాంటి పిచ్చి కబురు కూడా ముఖం నా వైపు తిప్పి వినేవాడు. ఇస్త్రీ చొక్కా, కొబ్బరినూనె వాసన, ముందు సీటు కడ్డీ మీద ఆ చెయ్యి. ఆ చేతి వైపు చూడకుండా ఉండటానికి నేను కిటికీలోంచి పత్తి చేలు లెక్కపెట్టేదాన్ని. రోజూ పొద్దున్నే ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు అలా గడిచాక ఒక రోజు అతను గొంతు తగ్గించి, "శనివారం నందిగామ వస్తావా? మా ఫ్రెండు రూముంది, వాడు ఊళ్లో ఉండడు" అన్నాడు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. వెళ్లకూడదని తెలియక కాదు. వెళ్లాలని ఉంది కనుక.

శనివారం ఒంటిపూట బడి. బడికి పుస్తకాలు కొనాలని అత్తకు అబద్ధం చెప్పి, చిల్లకల్లు మీదుగా పోయే బస్సెక్కి నందిగామలో దిగాను. అతను ముందే వెళ్లి ఉన్నాడు. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను, ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని లేద్దామని. లేవలేకపోయాను. నేర్చుకున్న ప్రార్థనలన్నీ వరసగా పెదాల దాకా వచ్చాయి. 'సాతానా, నన్ను విడిచి పో' అనబోయాను. అనబుద్ధి కాలేదు. అక్కడ సాతాను ఎవరూ లేరు. నేనే ఉన్నాను, నా కోరిక ఉంది, అది నా ఒంట్లోనే పుట్టి నా అన్నం తిని పెరిగింది. అప్పుడు మా అత్త మాట్లాడినట్టు మాట్లాడాను. తండ్రీ, నాకు వెళ్లాలని ఉంది. కావాలనే వచ్చాను, ఎవరూ నన్ను తోసి పంపలేదు. వెళ్తే నాకు బాగుంటుందని కూడా తెలుసు. కానీ సాయంత్రం ఆమె చేతులకు మజ్జిగ గిన్నె అందిస్తూ ఆమె ముఖం చూడలేను. లేచి ఆ వీధిలోకి పోయే బలమే ఉంది గానీ వెనక్కి పోయే బలం లేదు. నీకుంటే ఇవ్వు.

మెరుపులు మెరవలేదు. ఏ స్వరమూ వినపడలేదు. ఉక్కగా ఉంది, ఎవరో జామకాయలు అమ్ముతున్నారు, మైకులో విజయవాడ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదకు వస్తుందో చెప్తున్నారు. జగ్గయ్యపేట బస్సు వచ్చి పోయింది. ఇంకోటి వచ్చి పోయింది. మూడోదీ పోయింది. ఒక్క సంగతి మాత్రం జరిగింది. జీవితంలో మొదటిసారి ఆయన దగ్గర నేను ఏదీ దాచలేదు, ఆయన నన్ను ఛీ అని నెట్టెయ్యలేదు. నేను ఎవరికీ కనపడకుండా మోస్తున్న దాన్ని ఇంకొకరు కూడా ఒక చెయ్యేసి పట్టుకున్నట్టు అనిపించింది. నాలుగో బస్సు ఎక్కాను. నేను జయించానని ఇప్పటికీ అనను. ఆ రోజు నన్ను ఎత్తి బస్సులో కూర్చోబెట్టింది ఆయనే. అది నమ్ముతాను కనుకనే ఇన్నేళ్లూ ఆ మందిరం మీద ఎంత కోపమొచ్చినా ఆయన్ని వదల్లేదు.

కోరిక అక్కడితో చచ్చిపోయిందని ప్రసంగీకులు చెప్తారు. నాకలా జరగలేదు. సోమవారం బస్సులో ప్రభాకర్ ముఖం మాడ్చుకుని, "రానిదానివి రానని చెప్పొచ్చుగా, పిచ్చోడిలా కూచోబెట్టావ్" అన్నాడు. ఆ కోపంలో కూడా అతను నాకు బాగానే కనిపించాడు. మర్నాటి నుంచి ముందు బస్సుకు వెళ్లడం మొదలుపెట్టాను. అందులో సీట్లుండవు, వత్సవాయి దాకా నిలబడే పోవాలి. నిలబడి, కడ్డీ పట్టుకుని, రోజూ అదే ప్రార్థన. కొన్ని రోజులు తేలిక, కొన్ని రోజులు కన్నీళ్లు. అలా నెలా రెండు నెలలు గడిచాక భయమేసింది, ఒక్కదాన్నే ఎంతకాలం మొయ్యగలనా అని. అక్కడే నేను పొరపాటు చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల ఉపవాస కూడిక జరిగేది. ముందుగా ఎవరికే బాధ ఉన్నా అయ్యగారి భార్యకు చెప్పుకుంటే ఆమె ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని కూడికలో చదివేది. వాటిని ప్రార్థన అంశాలంటారు. పేరు చెప్పరు, అది ఆచారం. ఆ ఆచారాన్ని నమ్మి నేను ఆమె దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఎవరు పిలిచారో కూడా చెప్పాను. ఆమె నా చేతులు పట్టుకుని నాతో పాటు ఏడ్చింది. వారం తిరిగేసరికి కూడికలో నోటుబుక్కు తెరిచి, "భర్త దూరదేశంలో పనిచేస్తున్న మన సహోదరి ఒకామె శరీర కోరికకు లోబడి నందిగామ దాకా వెళ్లి, బస్టాండులో మూడు బస్సులు వదిలేసి దేవుని దయతో తిరిగొచ్చింది. ఆమె పడిపోకుండా ప్రార్థిద్దాం" అని చదివింది. నిజంగానే పేరు చెప్పలేదు. నలభై ఇళ్ల సంఘంలో భర్త దూరంగా ఉన్నది నాకొక్కదానికే. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు, కళ్లు తెరవగానే అందరూ నా వైపే చూశారు.

అత్త ఆ వేళ మిల్లులో ఉంది. సాయంత్రం దారిలోనే ఆమె చెవిన వేశారు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కోకుండానే నా చెంప మీద ఒక్కటిచ్చింది. మిరపకాయలు ఒలిచిన చెయ్యి. దెబ్బ కన్నా ఆ మంట ఎక్కువ.

"నా కొడుకు ఎండల్లో బండలు తొలుస్తుంటే నీకిదేం పోయేకాలమే? పోయావా?"

"నందిగామ పోయా అత్తా."

"గదిలోకి?"

"లేదు. బస్టాండులోంచే వచ్చేశా."

"ఎట్టా వచ్చావు?"

"నువ్వు తెల్లారగట్ల మాట్లాడతావే, అట్టా మాట్లాడా ఆయనతో. ఉన్నదున్నట్టు చెప్పా."

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ గిన్నె తెచ్చింది. తన చేతులు పక్కన పెట్టి, పాత గుడ్డ ముక్క మజ్జిగలో ముంచి నా చెంప మీద అద్దడం మొదలుపెట్టింది. పిలిచినవాడెవడో అడిగింది, చెప్పాను. "రత్నానికి నువ్వే చెప్పు. ఊరు చెప్పకముందే చెప్పు" అంది.

వచ్చిన మొదటి ఆదివారం ప్రభువు బల్ల, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందు నిలబడి అయ్యగారు, సుగుణమ్మ మూడు నెలలు బల్లకు దూరంగా ఉండాలనీ, పాటల బృందంలో కూడా నిలబడకూడదనీ చెప్పారు. ఈసారి పేరు చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. కుడి వైపు కీబోర్డు ముందు ప్రభాకర్ కూర్చుని ఉన్నాడు. అయ్యగారి భార్యకు అతని పేరు తెలుసు, అయ్యగారికీ తెలిసే ఉంటుంది. అతని సంగతి ఎవరూ ఎత్తలేదు. కీబోర్డు వాయించేవాడు సంఘంలో ఇంకొకడు లేడు మరి. అయ్యగారు పాట ఎత్తుకోబోతుంటే మా అత్త చాప మీంచి లేచి నిలబడింది. చదువురాని మనిషి, మందిరంలో అంతవరకు నోరెత్తి ఎరగదు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. నా కోడల్ని ఎందుకాపుతున్నారు? పోయినందుకా, తిరిగొచ్చినందుకా?"

"సంతోషమ్మా, కూర్చోమ్మా. ఇది క్రమశిక్షణ."

"గదిలోకి పోయినోణ్ని బల్ల దగ్గర కూచోబెట్టి వాయింపిస్తన్నారు. పోకుండా వచ్చినదాన్ని బయట పెడుతున్నారు. ఇదేం శిక్షణండి?"

ఎవరో ఆమె కొంగు పట్టి లాగారు. ఆమె కూర్చోలేదు. నా పక్కకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని వెనక గోడ దాకా నడిపించి అక్కడ కూర్చుంది. ఆ రోజే కాదు, ఆ మూడు నెలలూ ఆమె కూడా బల్ల తీసుకోలేదు. ఆ రొట్టె ముక్క కోసం నెలంతా ఎదురుచూసే మనిషి. ముందు రోజే తలంటుకుని ఉతికిన చీర తీసిపెట్టుకునేది. ఆమెను ఆ మూడు నెలలు ఆకలితో కూర్చోబెట్టినందుకు నేను వాళ్లనెవరినీ క్షమించలేదు. క్షమించాలని తెలుసు. ప్రయత్నిస్తున్నాను.

రత్నం తర్వాతి నెలలో వచ్చాడు. వచ్చిన నాడే, అతను తల తుడుచుకుంటుంటే, అంతా చెప్పేశాను. తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండు రోజులు ఇంట్లో అన్నం తినలేదు. మూడో రోజు వసారాలో నా పక్కన కూర్చుని, "నేను కూడా నెలలకు నెలలు బయటే ఉన్నా సుగుణా. నన్ను ఏ అయ్యగారూ ఏమీ అడగలేదు. నువ్వూ అడగొద్దు" అన్నాడు. అడగలేదు. ఆ మాట గురించి నేను ఎన్ని రాత్రులు ఆలోచించానో, అతను బస్టాండు దగ్గరే ఆగాడో ఇంకా ముందుకు వెళ్లాడో అని ఎంత రగిలిపోయానో అతనికి తెలియదు. నేను చెప్పుకోవాలి, అతను చెప్పుకోనక్కర్లేదు. మంచివాడే. అయినా ఆ సౌకర్యం వాడుకున్నాడు. తర్వాత మేము నందిగామకు మారాం, నాకు ప్రమోషన్లు వచ్చాయి, కొడుకు పుట్టాడు, అత్త నా చేతుల మీదే పోయింది. ఆఖరి రోజుల్లో కూడా ఆమె అరచేతుల్లో ఆ ఘాటు పోలేదు.

ఇప్పుడు ఇక్కడి మందిరంలో చాపల బదులు కుర్చీలున్నాయి, ఏసీ ఉంది, పాటల మాటలు తెర మీద కనిపిస్తాయి. నోటుబుక్కు పోయింది. కరపత్రం ఇచ్చిన సాయంత్రం కీర్తన తన ఫోన్లో వాట్సాప్ గ్రూపు చూపించి, "ప్రార్థన అంశాలన్నీ ఇందులోనే పెడతామాంటీ. పేర్లు పెట్టం, సేఫే" అంది గర్వంగా. 'ఇటీవల నిశ్చితార్థం జరిగిన, బ్యాంకులో పనిచేసే సహోదరి మనశ్శాంతి కోసం' అని ఒక అంశం కనిపించింది. మూడు వందల మంది ఉన్న గ్రూపు. నేను తలెత్తి చూస్తే ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. చెప్పులు వేసుకుంటూ, వెళ్తూ వెళ్తూ ఆగి, "ఆంటీ, ఇట్టాంటి శోధనలు అబ్బాయిలకేనా? అమ్మాయిలకి కూడా వస్తాయా?" అని అడిగింది. "వస్తాయమ్మా" అన్నాను. అంతకన్నా ఏమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లకు ఆదివారం ప్రభాకర్ సాక్ష్యం వినిపిస్తారు. అందులో ఆడదంటే గదికి పిలిచేదే. తిరిగొచ్చిన ఆడది ఒకతె ఉందని ఆ పిల్లకు ఎవరు చెప్తారు?

రత్నానికి చెప్పాను, ఆదివారం నోరు విప్పుతానని. బోరుబండి మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి, కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది. చదివి కాగితం మడిచాడు. "నేనొస్తా. మగాళ్ల వైపు ముందు కూచుంటా" అన్నాడు.

హాలు నిండా పిల్లలు. ప్రభాకర్ బాగా మాట్లాడాడు. ఏడవాల్సిన చోట ఏడ్చాడు, బెంచీ దగ్గర గొంతు వణికించాడు, నాలుగో బస్సు దగ్గర అందరిచేతా ఆమేన్ అనిపించాడు. నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత ముగింపు ప్రార్థనకు నన్ను పిలిచారు. మైకు తీసుకుని, "ప్రార్థనకు ముందు ఒక మాట" అన్నాను. "నా పేరు సుగుణ. ఇప్పుడు మీరు విన్న ఆ పెళ్లయిన ఆవిణ్ని నేనే. గదికి పిలిచింది నేను కాదు. బెంచీ మీద కూర్చుని దేవుణ్ని అడుక్కుని తిరిగొచ్చింది మాత్రం నేనే. నాకు కోరిక ఉంది, ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయన నన్ను పట్టుకున్నాడు. ఆడపిల్లలూ, మీకూ వస్తుంది, అందులో మీరు వింతవాళ్లు కాదు. ఆయనకు చెప్పుకోండి, గ్రూపులో పెట్టకండి. ఆ రోజు గదిలో కూర్చుని నా కోసం ఎదురుచూసినాయన పేరు నేను చెప్పను. పేరు చెప్పకపోవడం మా సంఘంలో పాత ఆచారం. ఆయన అప్పట్లో వత్సవాయి ఆఫీసులో పనిచేసేవాడు, ఆదివారాలు కీబోర్డు వాయించేవాడు."

ప్రభాకర్ ఒళ్లో గ్రంథం తెరిచి పేజీలు తిప్పుతున్నాడు. వెనక వరసలో కీర్తన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో మగవాళ్ల వైపు ముందు వరసలోంచి మా ఆయన, తనకు వినపడనంత మాత్రాన ఎవరికీ వినపడదనుకునే మనిషి, పక్కనున్నాయన్ని గట్టిగా అడిగాడు.

"ఏమందయ్యా మా ఆవిడ? పేరు చెప్పిందా?"

నేనే మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, రత్నానికి కూడా వినపడేంత గట్టిగా అన్నాను.

"చెప్పానయ్యా. నా పేరే చెప్పా."